ఏ బండ మీద?

పదకొండున్నర దాటింది. పొద్దున ఆరింటికే లేవాలి, నాన్న కంట్లో మొదటి విడత చుక్కలు వేసేది నేనే. అయినా నిద్ర రాక ఇలా వచ్చి కూర్చున్నాను. నిద్ర చెడగొట్టింది గుట్ట మీది గుడ్లగూబ అనుకునేరు, కాదు. మా కాలనీ గ్రూపు.

మంచి ముక్క ముందు చెప్పేస్తాను, అది చిన్నదే. సాయంత్రం నాన్నను డాబా మీదికి తీసుకెళ్లాను. శుక్లం తీసిన కంటికి ఇంకా మూత ఉంది, అటువైపు ఏది చూడాలన్నా తల మొత్తం తిప్పుతున్నారు. కాలింగ్ బెల్లు మోగినా వినిపించని మనిషి, ఉన్నట్టుండి చెయ్యెత్తి నన్ను ఆపారు. "విను" అన్నారు. గుట్ట వైపు నుంచి "బు... బూఊ". మొదటిది పొట్టి, రెండోది దీర్ఘం. ఖాళీ కుండలో మూతి పెట్టి పిలిస్తే వచ్చే గొంతు. క్వారీ తినగా మిగిలిన సగం గుట్టలో ఒక బండ అంచున కూర్చుంది. కూసిన ప్రతిసారీ ముందుకు వంగుతోంది, గొంతు కింద తెల్లటి మచ్చ ఉబ్బి కనబడి మాయమవుతోంది. ఆ మచ్చే లేకపోతే బండ ఏదో పక్షి ఏదో నాకు తెలిసేది కాదు. "పైడికంటి" అన్నారు నాన్న, ఎప్పటి మనిషినో గుర్తుపట్టినట్టు. అయిదు నిమిషాలు ఉంది. తర్వాత చిన్న చప్పుడైనా లేకుండా అంచు మీంచి జారి వెళ్లిపోయింది.

అక్కడితో పడుకుని ఉంటే బాగుండేది. ఫోను తీశాను.

"వెనక గుట్ట మీద గుడ్లగూబ వారం నుంచి అరుస్తోంది. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లకు బాగా లేదా?" అని ఒకావిడ. మా నాన్నకు ఆపరేషన్ అయిందని తెలియని ఇల్లు ఈ కాలనీలో లేదు. ఆ ప్రశ్న ఎవరి గడప కోసం వేసిందో చెప్పనక్కర్లేదు. దాని కింద ఇంకొకరు, శాంతి చేయిద్దాం, ఇంటికి అయిదు వందలు. దాని కింద ఒక పెద్దమనిషి, భారతంలో నిద్రపోతున్నవాళ్లను చంపే పాడు ఆలోచన అశ్వత్థామకు ఇచ్చిందే ఈ పక్షి కదా అని. నేను చదివి వినిపిస్తే నాన్న నవ్వారు. "అది ఆ మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను చంపడంతో ఆగింది కదమ్మా" అన్నారు. నలభై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినాయన, ఇంతకంటే ఎక్కువ ఎవరికీ జవాబివ్వరు.

ఇవన్నీ భరించాను. నన్ను మండించింది నాలుగో సందేశం. "దానికి పగలు కళ్లు కనబడవు. పట్టపగలు వెళ్లి గోనెసంచి కప్పేస్తే సరి." దానికి పద్దెనిమిది మంది బొటనవేళ్లు ఎత్తారు. లెక్కపెట్టాను.

పగలు కనబడదట! సంస్కృతం వాళ్లు కూడా దీన్ని దివాంధం అన్నారు, కాబట్టి ఈ అబద్ధానికి వయసు బాగానే ఉంది. వెలుగు ఎక్కువైనప్పుడు కనుపాప చిన్నదవుతుంది, రెప్పలు సగం వాలుస్తుంది. అది చూసి మనం గుడ్డిదనీ నిద్రపోతోందనీ తీర్మానించేస్తాం. పగలు అది బయటికి రాకపోవడానికి కాకులు కూడా ఒక కారణం. ఒక్క కాకి కంట పడితే చాలు, ఊరి కాకులన్నీ వచ్చి దాన్ని తరుముతాయి. దాని కన్ను మనకున్నట్టు గోళీ కాదు, గొట్టం. గుంతలో బిగుసుకుని ఉంటుంది, కదలదు. అందుకే మెడ తిప్పుతుంది. మనకు మెడలో పూసలు 7, దానికి 14. మా అబ్బాయి సినిమా చూసి 360 డిగ్రీలని వాదించాడు గానీ, 270 దాకానే. ఆ మాత్రం మనం తిప్పితే మెదడుకు నెత్తురందక కింద పడతాం. మెడ పూసల్లో నెత్తురు గొట్టం పోయే దారి దానికి ఆ గొట్టం కంటే దాదాపు పదింతలు వెడల్పు ఉంటుందని 2013లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు కనిపెట్టారు. ఇక నెత్తి మీద నిక్కపొడుచుకున్నవి చెవులు కావు, కొమ్ములు అసలే కావు, ఈకలు. అంటే గుడ్లగూబకు కనిపించే గూబలు నిజం గూబలు కావన్నమాట. (ఇది రాసుకుని నేనే నవ్వుకున్నాను. ఎవరూ నవ్వరని తెలుసు.)

ఇదంతా గ్రూపులో పెట్టడానికి ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని రాశాను. మా ఆయన భుజం మీంచి చదివి, "ఇది సందేశమా, సంచికా?" అన్నారు. ఈయన ఎప్పుడూ ఇంతే.

రాస్తుంటే మధ్యలో మా ఊరి వాగు గుర్తొచ్చింది. ఇక అక్కడే ఉండిపోయాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సంక్రాంతి సెలవులు. వేరుశెనగ చేను పక్కన వాగు కోసేసిన ఎర్రమట్టి గట్టు, దాని మీద రెండు నిలువుల ఎత్తున బండ, ఆ బండ కింద గూడు లాంటి చోటు. పెద్దవాళ్లెవరూ అటు వెళ్లరు. కాబట్టి నేనూ మా బాబాయి కొడుకూ వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. మట్టివేళ్లు పట్టుకుని పాకి తల పైకెత్తాను. జానెడు దూరంలో రెండు నారింజ రంగు కళ్లు. పిల్ల అది. బూడిదలో పొర్లిన దూదిబంతిలా ఉంది. చూస్తుండగానే రెక్కలు రెండూ విసనకర్రల్లా విప్పి మూడింతలైంది. ముక్కు టకటకలాడించింది, కత్తెర ఆడించినట్టు. దాని వెనక ఇంకోటి. కింద ఒక్క పుల్ల లేదు, ఈక పరుపు లేదు, వట్టి మట్టి. ఇవి గూడు కట్టవని, నేల మీదే మూడు నాలుగు గుడ్లు పెట్టి నెల పైన మూడు రోజులు పొదుగుతాయని తర్వాత ఎప్పుడో చదివాను. అప్పుడు మాత్రం, పాపం వీళ్ల అమ్మకు ఇల్లు కట్టడం రాదనుకున్నాను.

ఆ అమ్మ అంతలో దిగింది. మా మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. మాకు పది అడుగుల అవతల వాగు ఇసుకలో వాలి, ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటడం మొదలుపెట్టింది. నా బుజం దాకా వచ్చేంత రెక్క, విరిగిపోయినట్టు వేలాడుతోంది. "దెబ్బ తగిలింది, పట్టుకుందాం" అని మావాడు ఉరికాడు. నాలుగు అడుగుల దూరంలోకి రాగానే ఎగిరి ఇంకాస్త ముందు పడింది. మళ్లీ ఉరికాడు. మళ్లీ అంతే. అలా మా ఇద్దరినీ వాగు మలుపు దాకా నడిపించుకుపోయి, అక్కడ రెండు రెక్కలూ శుభ్రంగా చాచి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. మేం ఎక్కడి నుంచి వచ్చామో మాకే తెలియని చోట నిలబెట్టింది. మండుటెండలో! దివాంధమట.

తిరిగి వస్తూ బండ కింద ఉండలు ఏరుకున్నాను. బొటనవేలంత ఉంటాయి, ఎండిపోయి తేలిగ్గా. ఇవి తిన్నదాంట్లో అరగని వెంట్రుకలూ ఎముకలూ ఉండకట్టి కక్కేస్తాయి. విప్పితే బూడిదరంగు బొచ్చులో చిన్న చిన్న దవడలు, వాటికి పసుపుపచ్చటి ముందుపళ్లు. జామెట్రీ పెట్టె నింపి తెచ్చాను. నాన్న అరుగు మీద కాగితం పరిచి పుల్లతో విప్పదీసి, "ఒక్క ఉండలో రెండు ఎలుక పుర్రెలు. చేను కాపలాకు జీతం లేని మనిషి" అన్నారు. అమ్మ మాత్రం నా నెత్తిన పసుపునీళ్లు పోసి, పెట్టెను కోణమానినితో సహా దిబ్బలో పారేసింది. ఆ పెట్టె గురించి నాకు ఇప్పటికీ కోపమే.

ఎక్కడున్నాను? సందేశం. పూర్తి చేసి, పంపే ముందు నాన్నకు చదివి వినిపించాను. శభాష్ అంటారని ఆశ. ఆయన మూత లేని కన్నుతో పైకప్పు చూస్తూ అడిగారు.

"ఆ వాగులోకి మన ఊళ్లో ఎవరూ ఎందుకు వెళ్లేవారు కాదంటావు?"

"భయం" అన్నాను.

"ఆ భయం పోగొడతానంటున్నావు. ఇది చదివి రేపు ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని, ఫోనులు పట్టుకుని, కాలనీ మొత్తం గుట్టెక్కుతుంది. నువ్వూ మీ బాబాయి కొడుకూ ఆ గట్టెక్కినట్టే."

నాకు మాట రాలేదు. గూళ్లు పెట్టే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పుడు అది కూసేది ఈ బండలు నావి అని చెప్పుకోవడానికే. ఒకసారి నచ్చిన చోటుకు ఏటా తిరిగి వస్తుంది. పిల్లలు తమ తిండి తాము సంపాదించుకోవడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ దాన్ని ఎవరూ కదపకుండా ఉంచింది నా పాఠం కాదు, అమ్మ పసుపునీళ్లు. ఇన్నేళ్లుగా మూఢనమ్మకమని విసుక్కుంటున్నది గుట్టకు కంచె అయిందా! సందేశమంతా చెరిపేశాను.

చెరిపాక అయిదో సందేశం చూశాను. "నాకు తెలిసిన మనిషి ఉన్నాడు. పైసా తీసుకోడు, తనే పట్టుకుపోతాడు. కావాలంటే మనకే ఏమైనా ఇస్తాడు."

దీపావళికి ఇంకా పది రోజులు.

గుడ్లగూబను ఊరికే పట్టుకెళ్లి పైగా ఎదురు డబ్బిచ్చేది ఎందుకో నాన్నకు విప్పి చెప్పలేదు, ఆయనకు తెలుసు. తిండి పెట్టకుండా మాడ్చి కొడితే మనిషి గొంతుతో జరగబోయేది చెబుతుందని నమ్మేవాళ్లున్నారు. అమావాస్య రాత్రి బలిస్తే లక్ష్మి కదలకుండా ఇంట్లో ఉంటుందట, ఆవిడ వాహనాన్నే చంపేశాక ఇంకెక్కడికి పోతుంది మరి! వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ వాళ్లు 2010లో బయటపెట్టిన నివేదికలో మన దేశంలోని 30 రకాల గుడ్లగూబల్లో 15 రకాలు సంతల్లో అమ్ముడవుతున్నాయని తేలింది. మనిషి కళ్లు పెద్ద కొమ్ముల వాటి మీదే. మా గుట్ట మీది రకం అదే. మూర పైన పొడవు, రెండు కిలోల లోపు బరువు, నెత్తిన రెండు కొమ్ములు, కావలసినవన్నీ ఉన్నాయి. మొత్తం మీద ఈ జాతికి ఇప్పటికిప్పుడు ముప్పు లేదని, ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్క రాసే ఐయూసీఎన్ జాబితా చెబుతుంది. మా గుట్టకు ఆ జాబితా ఏం చేస్తుంది? ఉన్నది ఒక జంట, మిగిలింది సగం రాయి, చుట్టూ ఎలుకల మందు పెట్టే ఇళ్లు. ఆ మందు తిని తూలే ఎలుకే దానికి ముందు దొరుకుతుంది.

అంటే నాన్న చెప్పింది సగమే నిజం. భయపడేవాళ్లు గుట్టెక్కరు, సరే. ఆ భయం మీద బతికేవాడు ఎక్కుతాడు, గోనెసంచితో. ఈ మాట ఆయనతో అంటే, "ఊఁ" అని పక్కకు తిరిగి పడుకున్నారు. చుక్కలు వేశాక పక్కకు తిరగకూడదని ఎన్నిసార్లు చెప్పాలో.

చివరికి గ్రూపులో రెండు ముక్కలే పెట్టాను. "గుడ్లగూబను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా గుట్ట ఎక్కితే అటవీ శాఖకు ఫోను చేస్తాను." కళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. గుడ్డిదనే అనుకోనీ. ఒక్కరూ జవాబివ్వలేదు. కాసేపటికి ఎవరో ఆవకాయ జాడీల బేరం మొదలుపెట్టారు, అందరూ అటు పోయారు. ఈయన అయితే "అందరితో శత్రుత్వం తెచ్చుకున్నావు, హాయిగా ఉందా?" అని దీపం ఆర్పేశారు.

పదకొండుకు నాకు విడిగా ఒక సందేశం వచ్చింది. ఆ అయిదో ఆయనే. "మేడమ్, మీరు దగ్గరగా చూసినట్టున్నారు. సరిగ్గా ఏ బండ మీద ఉంటుంది?"

చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తిట్టి పంపిద్దామనుకున్నాను. మూడు రకాలుగా రాసి మూడూ చెరిపేశాను. ఆఖరికి, "అది వెళ్లిపోయిందండీ. క్వారీ చప్పుడుకు నాలుగు రోజుల కిందటే వాగు అవతలికి పోయింది" అని రాసి పంపాను. రెక్క ఈడ్చుకుంటూ.

అది చేరినట్టు ఫోనులో గుర్తు పడీ పడకముందే గుట్ట మీంచి మళ్లీ మొదలైంది. "బు... బూఊ." లోపలి గదిలోంచి నాన్న, "విన్నావా?" అన్నారు.

ఆ అయిదో సందేశం పెట్టినాయనదీ మా వరసలోనే ఇల్లు, నాలుగు గుమ్మాల అవతల.