టామీ గన్ నకలుతో నా అనుభవం

రెండవ ప్రపంచ యుద్ధంలో మా తాతగారు మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంతో బర్మా వెళ్ళారు. తమ దళంలో కొందరికి ఇచ్చిన థాంప్సన్ తుపాకీ (దాన్నే టామీ గన్ అంటారు) గురించి ఆయన చెప్పే మాట ఒక్కటే: "ఒరేయ్, దాన్ని మోసినవాడి భుజం కాయలు కాచేదిరా." టెక్సాస్‌లో నేను కొనుక్కున్న మొదటి తుపాకీ దాని నకలే కావడానికి ఆ మాటే కారణం. హెచ్1బి వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు కాబట్టి గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను.

కొన్నది ఆటో-ఆర్డ్‌నెన్స్ 1927ఏ-1. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది. అసలు థాంప్సన్ బ్యారెల్ పదిన్నర అంగుళాలే గాని, 16 అంగుళాలకు తక్కువ ఉన్న రైఫిల్‌ను 1934 నాటి చట్టం కింద విడిగా నమోదు చేయించాలి కనుక, దీనికి పదహారున్నర అంగుళాల బ్యారెల్ పెట్టారు. నిజం చెప్పాలంటే మెడ సాగిన బాతులా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే తూటాలు వరుసగా పేలే పూర్తి ఆటోమేటిక్ అసలు తుపాకులు పౌరులకు దొరకకపోవు. అయితే 1986 మే 19కి ముందు నమోదైనవి మాత్రమే చేతులు మారవచ్చు కాబట్టి, వాటి ధర కొత్త కారు ధరతో సమానం.

దుకాణంలో తుపాకీ కొనేవారు నింపాల్సిన 4473 ఫారం నింపడం అరగంట పని. నా విషయంలో ఇబ్బంది పెట్టింది ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒక వరుసలోనూ, డ్రైవింగ్ లైసెన్సులో మరో వరుసలోనూ ఉండడంతో, పౌరసత్వం, ఏలియన్ నంబరు (విదేశీయులకిచ్చే గుర్తింపు సంఖ్య) గడులు సరిగ్గా రాసినా, కొనేవారి నేపథ్య తనిఖీ "డిలేడ్" (ఆలస్యం) అని వచ్చింది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు ఇష్టమైతే తుపాకీ అప్పగించవచ్చు. మావాడు జవాబు వచ్చేదాకా ఇవ్వనన్నాడు. ఐదో రోజున అనుమతి వచ్చింది.

అసలు కష్టం కాల్పులు సాధన చేసే రేంజిలో మొదలైంది. సుమారు 13 పౌండ్ల బరువు, అంటే ఆరు కిలోలకు దగ్గర. తూటాను బ్యారెల్‌లోకి నెట్టే బోల్టు వెనకున్న స్ప్రింగు ఎంత బిగువంటే, మొదటిరోజు పైనున్న నాబ్‌ను లాగి లాగి నా చూపుడువేలి చర్మం ఊడింది. 50 తూటాలు పట్టే గుండ్రటి డబ్బా, అంటే డ్రమ్మును, పక్కనుంచి తోయాలంటే బోల్టు వెనక్కి నిలబడి ఉండాలి, దాన్ని నిలిపి ఉంచే ఏర్పాటేమో ఈ నమూనాకు లేదు. తుపాకీని తొడమీద ఆనించి, ఒక చేత్తో బోల్టు పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ము జరుపుతూ, మూడో చేయి ఉంటే బాగుండుననిపించింది. తరువాత బోల్టుకు అడ్డంగా పెట్టడానికి ఒక చెక్కముక్క చెక్కుకున్నాను.

కాల్చడం మాత్రం సుఖమే. అంత బరువు మీద .45 అంగుళాల తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ భుజానికి తెలియనే తెలియదు. మొన చదునైన హాలో పాయింట్ తూటాలు నాలుగింట ఒకటి ఇరుక్కోవడంతో, గుండ్రటి మొన ఉన్న 230 గ్రెయిన్ల (సుమారు 15 గ్రాముల) బరువున్న తూటాలకే పరిమితమయ్యాను.

డ్రమ్ము నింపి నడిస్తే లోపలి తూటాలు గలగలలాడుతుంటాయి. అడవిలో ఆ చప్పుడు ప్రాణాంతకమనే సైనికులు పెట్టె ఆకారంలో ఉండే మ్యాగజీన్లను (తూటాలు నింపే డబ్బాలను) ఇష్టపడ్డారు. నేనూ ఇప్పుడు 20 తూటాల మ్యాగజీనే వాడుతున్నాను. డ్రమ్ము మాత్రం సేఫులో, చెక్కముక్క పక్కన ఉంది.