అర్ధరాత్రి రేడియో స్టేషన్‌లో ఎవరుంటారు?

మా మేనల్లుడు వైజాగ్‌లో ఓ ఎఫ్‌ఎం కంపెనీలో ఆర్జే, కంపెనీ పేరెందుకులెండి. మొన్న దసరాకి పర్లాకిమిడి వచ్చినప్పుడు వాడి పని గురించి చెప్తుంటే మా అమ్మ నోరెళ్ళబెట్టింది. మధ్యాహ్నం భోంచేసి స్టూడియోలో కూర్చుంటాడట, ఎదురుగా కాగితం మీద నాలుగు ఊళ్ళ పేర్లు, "గుడ్ మార్నింగ్ రాజమండ్రీ" అని ఓసారి, మళ్ళీ అదే హుషారుతో "గుడ్ మార్నింగ్ విజయవాడా", మర్నాడు పొద్దున్న ఏ ఊరి ముక్క ఆ ఊళ్ళో వస్తుంది. ఓసారి "బయట చల్లగా చినుకులు" అని రికార్డు చేసేశాడు, తీరా చూస్తే విజయవాడలో ఆ రోజు మాడిపోయే ఎండ.

"ఎవులూ ఫోన్ చేసి తిట్టలేదేట్రా?" అంది అమ్మ.

"చేసినా ఎత్తడానికి అక్కడెవరున్నారు అమ్మమ్మా!"

దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు, అమెరికావాళ్ళు బాగా వంటబట్టించుకున్న విద్య. అక్కడ 1996లో చట్టం మార్చి దేశం మొత్తమ్మీద ఒక కంపెనీకి ఇన్నే స్టేషన్లుండాలన్న హద్దు ఎత్తేశారు, అప్పటిదాకా అన్నీ కలిపి 40 దాటకూడదు, కొన్నేళ్ళు తిరిగేసరికి క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలో 1,200 దాకా చేరాయి. నార్త్ డకోటాలో మైనాట్ అని 36 వేల జనాభా ఉన్న ఊరు, మన పర్లాకిమిడి కంటే కాస్త చిన్నదే అనుకోండి, అక్కడ ఆరు కమర్షియల్ స్టేషన్లూ వాళ్ళవే. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా గ్యాస్ ఊరి మీదకొచ్చింది. జనాన్ని హెచ్చరిద్దామని స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని పోలీసుల మాట, రేడియోలో నేరుగా హెచ్చరిక వేసే ఎమర్జెన్సీ సిస్టమ్ పోలీసులకే వాడటం రాలేదని కంపెనీ మాట. రెండోదాన్లోనూ కొంత నిజముందిలెండి. ఒకరు చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ కంపెనీయే తర్వాత ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చుకుని, 2 వేల కోట్ల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకుని 2018 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

అదే ఏడాది అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఊపేసింది. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, మహేంద్రతనయ నది ఎంత లేచిందో చెప్పేవాడు లేడు. నాన్న టార్చిలైటులోంచి సెల్లులు పీకి పాత ట్రాన్సిస్టర్‌లో వేసి ముల్లు మెల్లిగా తిప్పి 927 కిలోహెర్ట్జ్ పట్టారు, వైజాగ్ ఆకాశవాణి మీడియం వేవ్. గరగరలో సగం వినపళ్ళేదు గానీ మధ్యలో కాగితం తిప్పిన చప్పుడొచ్చింది, చదివేవాడు ఓసారి దగ్గాడు కూడా. "మనిషున్నాడ్రా" అన్నారు నాన్న.

మన దగ్గర ఇంకా అంత దూరం పోలేదు, దేశంలోని ఫ్రీక్వెన్సీల్లో ఒక కంపెనీకి 15 శాతం మించకూడదన్న హద్దు 2022లో ఎత్తేసినా, ఒక ఊళ్ళో 40 శాతం మించకూడదన్నది ఉంది. అయితే 2011 నాటి మూడో దశ పాలసీలో సొంత నెట్‌వర్క్ లోపల ఒకే ప్రోగ్రాం ఎన్ని ఊళ్ళలోనైనా వేసుకోవచ్చన్నారు, మరిహ వాటాల లెక్క ఎంత పద్ధతిగా ఉంటే మాత్రం ఏం లాభం? ఇంకోటి, ప్రైవేట్ ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు గానీ తుఫాను, వరదల గురించి అధికారులిచ్చే సమాచారం చెప్పొచ్చు. చిన్న ఊళ్ళో రాత్రంతా మనిషిని పెడితే యాడ్లతో జీతం రాదంటాడు మా వాడు, అదీ కాదనలేను.

వెళ్ళేముందు అడిగాను, మరి తుఫానొచ్చిన రాత్రి ఆ నాలుగు ఊళ్ళ స్టూడియోల్లో ఎవరుంటార్రా అని.

"సెక్యూరిటీ గార్డుంటాడు మావయ్యా. స్టూడియో తాళం మాత్రం మేనేజర్ దగ్గరుంటుంది."