కాన్‌స్టాన్స్‌లో ఒక న్యాయవాది కోసం

జ్యూరిక్‌లో రైలెక్కి స్విస్ సరిహద్దు దాటగానే దిగవలసిన జర్మన్ ఊరు కాన్‌స్టాన్స్. స్టేషనుకు కూతవేటు దూరంలో, సరస్సు ఒడ్డునే, 1388లో వర్తకుల గిడ్డంగిగా కట్టిన పెద్ద భవనం ఉంది. 1417 నవంబరులో ఐదవ మార్టిన్‌ను పోపుగా ఎన్నుకున్నది అందులోనే. చాలామంది ఆ కథ కోసం వస్తారు. నేను వెళ్లింది 1414-18 నాటి క్రైస్తవ మహాసభలో పోలండ్ రాజు తరఫున వాదించిన పావెవ్ వ్వొద్కోవిత్స్ కోసం.

అంతకుముందు పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఆయన విశ్వవిద్యాలయం చూశాను. దాని పాత భవనం కొలీజియం మయూస్ ఎర్ర ఇటుక గోడల నడుమ ముంగిలి, దాని చుట్టూ రాతి కమానులు. పోలండ్ రాణి యాద్విగా తన నగలను ఈ విశ్వవిద్యాలయానికే రాసిచ్చి 1399లో కన్నుమూసింది. ప్రాగ్, పడువాలలో చదువుకున్న వ్వొద్కోవిత్స్ 1414లో ఇక్కడ రెక్టర్, అంటే విశ్వవిద్యాలయ అధిపతి అయ్యాడు. ఆయన మతాచార్యుడు, ధర్మశాస్త్రవేత్త, రాయబారి కూడా.

1410లో గ్రున్వాల్డ్ యుద్ధంలో పోలండ్, లిథువేనియా సేనల చేతిలో చిత్తుగా ఓడిన ట్యూటానిక్ మతయోధులు, అంటే జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం వారు, పోరును కాన్‌స్టాన్స్ సభకు తెచ్చారు. అన్యమతస్థులతో చేతులు కలిపాడని పోలండ్ రాజు యగైలో మీద నిందలు మోపారు. అన్యమతస్థులకు సొంత భూమి మీదైనా హక్కు లేదన్నది వారి పక్షం. 1416 జూలై 5న వ్వొద్కోవిత్స్ దానికి జవాబుగా ఒక గ్రంథం సమర్పించాడు. క్రీస్తును నమ్మనివారికీ తమ నేల, ఆస్తి, రాజ్యం సహజ హక్కుగా దక్కుతాయి. శాంతిగా బతుకుతున్న వారి మీద దండెత్తే అనుమతిని పోపూ ఇవ్వలేడు, చక్రవర్తీ ఇవ్వలేడు. కత్తి చూపి మతం మార్చడం చెల్లదు. గెలిచిన రాజు తరఫు వకీలు రాజు మేలుకే వాదించాడనవచ్చు. నిజమే. కానీ ఆ వాదం రాజును దాటి చాలా దూరం వెళ్లింది.

ఆ సభలో అలా వాదించడానికి ఎంత తెగువ కావాలో పాత ఊరికి పడమర వైపున్న స్మారక శిల దగ్గర అర్థమైంది. నల్లబడిన పెద్ద బండ. ఒకవైపు చెక్ మత సంస్కర్త యాన్ హుస్ పేరు, ఇంకోవైపు ఆయన సహచరుడు ప్రాగ్ జెరోమ్ పేరు. ఇద్దరినీ మతద్రోహులని ఈ సభే తేల్చి సజీవ దహనానికి అప్పగించింది. జెరోమ్ తేదీ 1416 మే 30. మనసులోనే లెక్క వేశాను: వ్వొద్కోవిత్స్ తన గ్రంథం సమర్పించడానికి కేవలం 36 రోజుల ముందు! ఆ రాతి ముందు చాలాసేపు కదల్లేకపోయాను.

పెద్ద చర్చిలోకి వెళ్లేసరికి సాయంత్రమైంది. మహాసభ సమావేశాలు జరిగింది ఇక్కడే. పోలండ్ రాజును చంపడం పుణ్యమని రాసిన ఫాల్కెన్‌బర్గ్ అనే డొమినికన్ సన్యాసిని మతద్రోహిగా ప్రకటించాలని పోలిష్ బృందం పట్టుబట్టింది. సభ అందుకు ఒప్పుకోలేదు. 1418 ఏప్రిల్ 22న చివరి సమావేశంలోనూ వారు నిరసన తెలిపారు. కొత్త పోపు నోరు మూసుకోమన్నాడు. అన్యమతస్థుల హక్కుల మీద సభ ఏ తీర్పూ చెప్పకుండానే ముగిసింది. వ్వొద్కోవిత్స్ మాత్రం ఆగలేదు. మతయోధులతో వ్యాజ్యాల కోసం రోమ్‌లోనూ ఏళ్లు గడిపాడు. 1432లో, చనిపోవడానికి సుమారు మూడేళ్ల ముందు, క్రాకోవ్ బిషప్ ఒలెష్నిత్స్కీకి రాసిన లేఖలో కూడా మతయోధుల సంఘం మీద అదే వాదన వినిపించాడు.