అరగ్లాసు బియ్యం

పొద్దున్నే పరగడుపున అమ్మని అమలాపురం తీసుకెళ్ళి సుగర్ పరీక్షకి రక్తం ఇప్పించా. ఆదివారం కూడా ల్యాబులో కూర్చోడానికి బెంచీ ఖాళీ లేదు, అందరూ మా చుట్టుపక్కల ఊళ్ళోళ్ళే, సగం మంది అమ్మ వయసు కూడా ఉండరు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా సుగరుందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వేలో చదివినప్పుడు అంకెలాగే అనిపించింది, ఇవాళ ఆ బెంచీల మీద చూశా.

మధ్యాహ్నానికి రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. మూడు నెలల సగటు సుగర్ చూసే పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 8.4. 6.5 ఉంటేనే సుగర్ కింద లెక్క. "మందులు మానలేదు, తీపి ముట్టుకోలేదు కదరా" అంది, పాపం నిజమే.

కానీ పొద్దున ఇడ్లీ అన్నా అది బియ్యపు రవ్వే, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. తెల్లగా మల్లెపూవులా ఉండాలని మిల్లులో తవుడంతా తీసేస్తారు, పీచు దాంతోనే పోతుంది, ఇక ఆ అన్నం గబగబా అరిగి సుగరైపోతుంది. పైగా ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు... రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే ఒక చెంచా, నాన్న బీపీ మందులేసుకుంటూ కూడా ఊరగాయ లేందే ముద్ద ఎత్తడు.

మా నాన్నమ్మ కూడా అన్నమే తినేది, కాకపోతే దంపుడు బియ్యం, తిన్నాక రోజంతా చేలో వంగి ఊడుపులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పట్నుంచీ మా డెల్టాలో వరే కదా, అన్నం మానెయ్యమని అమ్మకి ఎలా చెప్పను? ఇప్పుడు కోతకి మిషనొచ్చింది, నాన్న గట్టు దాకా బండి మీదే వెళ్తాడు, అమ్మకి రుబ్బురోలు లేదు, నుయ్యి లేదు, పని పోయింది గానీ కంచంలో అన్నం మాత్రం చేలో పనిచేసే మనిషికి పెట్టినంతే ఉంది, నాకు బాధంతా అక్కడే.

మధ్యాహ్నం నేనే వడ్డించా, కూరెక్కువ, పప్పెక్కువ, అన్నం ఒక కప్పు. "పిచ్చికలకి పెట్టినట్టు ఇదేంట్రా, అన్నం తినకపోతే తిన్నట్టుండదు" అంది. మాట్లాడకుండా తినేసి, గంటాగి అరటిపండు తింది. నేనూ ఏం అనలేదు.

రాత్రి వంటకి గ్లాసున్నర బియ్యం కొలిచింది. కాసేపు గిన్నె పట్టుకుని నిలబడి, అరగ్లాసు మళ్ళీ డబ్బాలో పోసేసింది.