తూము తాళం ఎవరి దగ్గరుంది?

అమ్మ మొదటిసారి బెంగళూరులో మా ఇంటికొచ్చినప్పుడు సాయంత్రం పుట్టేనహళ్ళి చెరువుకి తీసుకెళ్ళాను. జేపీ నగర్ ఏడో ఫేజ్‌లో, మా అద్దె ఇంటి నుంచి పది నిమిషాల నడక. (ఈ ఊళ్ళో పుట్టేనహళ్ళి చెరువులు రెండున్నాయి, యలహంక వైపు ఉన్నది వేరు, ఆటో మాట్లాడుకునేటప్పుడు చూసుకోండి.) గూడబాతులు, ఊదారంగు నీటికోళ్ళు, చుట్టూ నడిచేవాళ్ళకి దారి, కూర్చోడానికి బెంచీలు, అన్నీ నేనే కట్టించినట్టు గొప్పగా చూపించాను. అమ్మ అన్నిటికీ "బాగుండాది" అంటూ వచ్చి, కట్ట మీద ఓ చోట ఆగి, అటూ ఇటూ చూసి "తూము యాడుండాదే?" అంది.

నేను ఆ చెరువు పక్కన రెండేళ్ళుగా ఉంటున్నాను. శనివారాలు వాలంటీర్‌గా వెళ్ళి కలుపు పీకాను. తూము, అంటే కట్ట కింద నుంచి పొలాలకి నీళ్ళు వదిలే దారి, ఎక్కడుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మాది కోలారు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. మా జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ చెరువులే, లెక్కేస్తే రెండు వేలు దాటతాయి. మా వాళ్ళకి చెరువంటే నీళ్ళు నిలిచిన చోటు కాదు, కట్ట, తూము, నిండితే నీళ్ళు పొర్లే అలుగు, దాని కింద పారే పొలాలు అంటే ఆయకట్టు, వీటన్నిటినీ చూసుకోడానికి ఒక నీరుగంటి. నీరుగంటి అంటే తూము తీసేవాడు, మూసేవాడు, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేవాడు. వానాకాలం రాత్రి కట్టకి గండి పడుతుందేమోనని లాంతరు పట్టుకుని తిరిగేది కూడా ఆయనే. కోతలప్పుడు ప్రతి కళ్ళంలోనూ ఆయనకి ఇంత ధాన్యం కొలిచేవాళ్ళు, కొన్ని ఊళ్ళలో మాన్యం భూమీ ఉండేది. ఎంత పెద్ద ఆసామీ అయినా తన వంతు కాకముందు తూము ముట్టుకోడానికి లేదు. ఇదంతా పాతకాలపు తియ్యటి కథలాగా చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే మా వైపు నీరుగంటులు ఎక్కువమంది దళితులు, ఊరి పొలాలకి నీళ్ళన్నీ వాళ్ళ చేతుల మీదుగానే పోయేవి, అదే చేతులతో ఊరి బావిలో చేద వేయడానికి మాత్రం ఒప్పుకునేవాళ్ళు కాదు. అమ్మ చిన్నప్పుడు కళ్ళారా చూసిన సంగతే. అయినా ఆ ఏర్పాటులో ఒక ముక్క మాత్రం నాకు ఇప్పటికీ గట్టిగా తగులుతుంది: పని చేసేవాడి చేతిలోనే తాళం కూడా ఉండేది.

పుట్టేనహళ్ళి చెరువు కథ మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది. పదమూడెకరాల పైచిలుకు చిన్న చెరువు. చుట్టూ అపార్ట్‌మెంట్లూ రోడ్లూ వచ్చేసి, వాననీళ్ళు వచ్చే దారులు తెగిపోయి, చెత్త వేసే గుంటలాగా తయారయింది. 2010లో ఇరుగుపొరుగు వాళ్ళు నలుగురు కలిసి ఒక ట్రస్టు పెట్టారు, పేరు పుట్టేనహళ్ళి నైబర్‌హుడ్ లేక్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్, అందరూ పీఎన్ఎల్ఐటీ అంటారు. కార్పొరేషన్ పూడిక తీసి కట్ట బాగుచేయించింది, 2011లో చెరువు నిర్వహణ వీళ్ళకి అప్పగిస్తూ ఒప్పందం రాసుకుంది. బెంగళూరులో ఒక పౌర సంఘంతో కార్పొరేషన్ అలా సంతకం చేసుకోవడం అదే మొదలు. తర్వాత సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్ళి, ఉత్తరాన జక్కూరు, ఇలా ఒక్కో చెరువుకి ఒక్కో సంఘం తయారయింది. నగరం పెరుగుతుంది, చెరువులూ బతుకుతాయి, ప్రజలూ ప్రభుత్వమూ చేతులు కలుపుతారు, సుస్థిర అభివృద్ధి అంటే ఇదే అని సభల్లో చెప్పుకోడానికి భలే ఉదాహరణ దొరికింది.

వెటకారం చేస్తున్నానని అనుకోకండి. ఆ మనుషులు చేసిన పని మామూలుది కాదు. నూరు రకాలకి పైగా పక్షుల్ని అక్కడ లెక్క రాసుకున్నారు, మొక్కలు నాటి వేసవిలో వాటిని బతికించారు, వాననీళ్ళు చాలక చెరువు ఎండిపోతుంటే పక్కనున్న పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాన్ని ఒప్పించి వాళ్ళ ప్లాంటులో శుద్ధయిన నీటిని చెరువులోకి తెప్పించారు. ఈ చివరిది ఎంత కష్టమో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు ఒక్కసారైనా చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కానీ శనివారం పొద్దున్న నీళ్ళలోకి దిగి కలుపు పీకుతుంటే ఒక సంగతి అర్థమవుతుంది. గుర్రపుడెక్కైనా ఇంకోటైనా ఊరికే పెరగదు. బట్టల సబ్బులోని ఫాస్ఫరస్, మరుగుదొడ్ల నుంచి వచ్చే నత్రజని, ఇవి దానికి ఎరువు. పైన ఎక్కడో ఎవరో మురుగు పైపుని వాననీటి కాలువలో కలిపేస్తే, ఆ మురుగే కింద మన చెరువులో పచ్చటి ఆకై తేలుతుంది. మనం పీకి ఒడ్డున పోస్తాం, మళ్ళీ మూడు వారాల్లో అంతే. అంటే వారం వారం మనం చేత్తో ఏరి పారేస్తున్నది ఎవరిదో స్నానాల గది. మొదటిసారి ఈ మాట తట్టినప్పుడు గట్టిగా నవ్వాను, పక్కనున్న అంకుల్‌కి చెప్తే ఆయన అస్సలు నవ్వలేదు, "నాకిది పదకొండో గుట్టమ్మా" అన్నారంతే.

ఆ పైపు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం కాదు, వాసన చూసుకుంటూ కాలువ వెంట నడిస్తే సరి. దాన్ని మూయించడం ఎవరి పని అనేదే అసలు తలనొప్పి. చెరువు కార్పొరేషన్‌ది, మురుగు పైపు జలమండలిది, నీళ్ళ నాణ్యత కాలుష్య నియంత్రణ మండలిది, చెరువు హద్దులు కొలిచి రాళ్ళు పాతేది సర్వే వాళ్ళు. ఒకసారి మేం నలుగురం ఫోటోలు తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాం. గంటన్నర కూర్చోబెట్టి, ఫోటోలు చూసి, ఇది మాది కాదు ఫలానా ఆఫీసుది అన్నారు. ఆ ఫలానా ఆఫీసువాళ్ళు చాలా మర్యాదగా కాఫీ ఇచ్చి, మొదట వెళ్ళిన ఆఫీసు పేరే చెప్పారు. ఒప్పందం కాగితంలో ట్రస్టు చేయాల్సినవి బోలెడు ఉంటాయి: శుభ్రం, మొక్కలు, కాపలా, జనానికి అవగాహన. పైన కాలువలో ఏం పారాలో చెప్పే హక్కు మాత్రం ఎక్కడా ఉండదు. చీపురు ఇచ్చారు, తూము తాళం ఇవ్వలేదు. అమ్మ అడిగిన ప్రశ్న నన్ను వదలకపోవడానికి కారణం ఇదే అనుకుంటా.

తాళం ఉన్నవాళ్ళు ముందుకొస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జక్కూరు వెళ్ళండి. నూట అరవై ఎకరాల చెరువు, పై గట్టున జలమండలి మురుగు శుద్ధి ప్లాంటు కట్టింది, రోజుకి కోటి లీటర్లు శుద్ధి చేసే లెక్కన. అందులోంచి వచ్చే నీళ్ళు నేరుగా చెరువులో పడవు, మధ్యలో జమ్ము పెరిగే చిత్తడి నేల ఒకటుంది, దాంట్లోంచి నెమ్మదిగా సాగి వస్తాయి. ప్లాంటు పట్టుకోలేని నత్రజని, ఫాస్ఫరస్ కొంతవరకు జమ్ము వేర్లు తినేస్తాయి. చెరువు నిండుగా ఉంటే చుట్టుపక్కల బావుల్లో ఊట నిలుస్తుంది, జాలర్లకి చేపలు దొరుకుతాయి. అక్కడా సంఘం ఉంది, వాళ్ళూ మొక్కలు నాటతారు, గొడవలు పడతారు. తేడా ఏంటంటే చెరువుకొచ్చే నీళ్ళ బాధ్యత ముందే ఎవరో ఒకరు నెత్తినేసుకున్నారు. అప్పుడు కలుపు పీకేవాడి కష్టం వృథా పోదు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, ప్లాంటు సరిగ్గా నడవని రోజున చిత్తడి నేల ఒక్కటీ ఎంతని మోస్తుంది.

ఇంకో చిక్కు కోర్టుది. దీని గురించి మా వాలంటీర్లలోనే రెండు వర్గాలున్నాయి. 2004 ప్రాంతంలో బెంగళూరులో కొన్ని చెరువుల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకిచ్చారు. హోటళ్ళు, బోటింగులు, టికెట్లు. పశువుల్ని మేపుకునేవాళ్ళు, చేపలు పట్టుకునేవాళ్ళు గేటు బయట నిలబడాల్సి వచ్చింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడాయి. ఆ భయంతోనే, చెరువుల విషయంలో కార్పొరేట్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకోవద్దని 2020లో కర్ణాటక హైకోర్టు కట్టడి చేసింది. కంపెనీల సంగతేమో గానీ, ఆ దెబ్బకి మామూలు పౌర సంఘాల ఒప్పందాలు కూడా గాల్లో వేలాడాయి. పురుగుని నలపబోతే గోధుమలూ నలిగాయి. నా మట్టుకు నాకు కోర్టు భయం సబబే అనిపిస్తుంది. ఈ రోజు మంచి ట్రస్టు చేతిలో ఉన్న కాగితమే రేపు ఒక బిల్డరు పెట్టుకున్న ట్రస్టు చేతిలోకి వెళ్ళొచ్చు. అదెలా ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు, చెరువు బాగుపడగానే "లేక్ వ్యూ" అని బోర్డు పెట్టి చదరపు అడుగుకి ఇంత అని పెంచేది ఎవరో మనకి తెలుసు. మా ఇంటి అద్దె కూడా అలాగే పెరిగింది, నేను పీకిన కలుపుకి నాకే బిల్లు వచ్చిందన్నమాట.

ఈ నగరం చెరువుల్ని మింగడం కొత్తేమీ కాదులెండి. మనం ఊరెళ్ళడానికి బస్సెక్కే మెజెస్టిక్ ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. తాగే నీళ్ళేమో దాదాపు వంద కిలోమీటర్ల అవతల కావేరి నుంచి, అదీ ఎత్తు మీదకి పంపులతో కొట్టి తెచ్చుకుంటాం.

వాడేశాక ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి అనే ప్రశ్నకి సగం సమాధానం మా అమ్మ ఊళ్ళో ఉంది. బెళ్ళందూరు చెరువు నురగలు కక్కి, 2015లోనూ 2017లోనూ 2018లోనూ మంటలంటుకుని దేశమంతా టీవీల్లో చూసింది గుర్తుందా? ఆ చెరువున్న కోరమంగల-చల్లఘట్ట లోయలో మురుగుని శుద్ధి చేసి, రోజుకి 44 కోట్ల లీటర్లు కోలారు జిల్లాలో 126 చెరువులకి పంపాలని ప్రభుత్వం పథకం పెట్టింది. కేసీ వ్యాలీ అంటారు మా వైపు, చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. 2018 జూన్‌లో మొదటి నీళ్ళు లక్ష్మీసాగర చెరువుకొచ్చాయి, మరుసటి నెలలోనే అక్కడ నురగ కనిపించింది, గొడవైంది, కోర్టు ఆపింది, మళ్ళీ వదిలింది. ఈ నీళ్ళు పొలానికి నేరుగా పెట్టకూడదు, భూమిలోకి ఇంకి బోర్లలో ఊట పెరగాలన్నది లెక్క. ఇంకో దశ శుద్ధి చేసి పంపండని మా జిల్లా రైతులు అడుగుతూనే ఉన్నారు.

అమ్మ దీన్ని వేరేలా చూస్తుంది. వెయ్యి అడుగులు దింపినా దుమ్ము తప్ప రాని బోర్లని చూసిన మనిషి. టమోటా తోటకి ట్యాంకరుతో నీళ్ళు కొన్న మనిషి. మా చెరువు నిండినప్పుడు ఫోన్ చేసి "మీరు పోసుకున్న నీళ్ళు మాకొస్తుండాయి, కాళ్ళు పెట్టాలంటే మాత్రం మనసొప్పదు" అంది. సంతోషమో ఏవగింపో ఆ గొంతులో నాకు విడిగా దొరకలేదు. ఆ చెరువుకి పైపు ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో ఊళ్ళో ఎవరికీ తెలీదు. నీరుగంటి మనవడు బెంగళూరులోనే ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ పని చేస్తున్నాడు, నాకు తెలుసు.

ఇప్పుడు కార్పొరేషన్ కూడా మారిపోయింది, 2025 సెప్టెంబర్‌లో ఒక్కటిగా ఉన్నదాన్ని ఐదు చేసి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీని పెట్టారు. రేపు మళ్ళీ ఒప్పందాలు రాసుకునే రోజొస్తే మాలాంటి సంఘాలు అడగాల్సింది నిధులు కాదు, పై కాలువ గురించి ఒక్క వాక్యం. ఇన్ని రోజుల్లో మురుగు పైపు మూయకపోతే ఫలానా అధికారి పేరుతో సమాధానం రావాలి అని. పోయినవారం మా వాట్సాప్ గ్రూపులో ఇదే రాశాను. పదహారు మంది బొటనవేళ్ళు పెట్టారు, ఒకాయన రేపు పొద్దున్న గ్లోవ్స్ ఎవరు తెస్తున్నారని అడిగారు.

2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళ కరువు వచ్చింది గుర్తుందిగా, కార్పొరేషన్ బోర్లు దాదాపు సగం ఎండిపోయాయి, కార్లు కడిగితే జరిమానా అన్నారు, శుద్ధి చేసిన నీళ్ళతో ముందు మన చెరువులే నింపుకుందాం అని కూడా మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో నేను బకెట్టు సగానికే స్నానం ముగిస్తూ, చాలా బాధ్యతగా ఉన్నాననుకుంటూ, ఆ సంగతే అమ్మకి ఫోన్లో చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అందురూ అట్లే సగం సగం పోసుకుంటే, మా చెరువుకి యాడ్నుంచి వస్తాయే?" అంది.