వదిలిన చేప బతకాలి

పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదలడం మా మేనమామకు అస్సలు నచ్చదు. ఆయనది మంథని. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, వల, గాలం రెండూ తెలిసినవాడు. "అల్లుడా, తినేదానికి కానప్పుడు దాని నోరు ఎందుకు చీరుడు?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. వదిలిన చేప బతికితేనే నా దగ్గర దానికి జవాబు ఉన్నట్టు. తోక ఊపుకుంటూ లోపలికి పోయిందంటే బతికిందని కాదు. కొట్లాడి అలసిపోయిన చేప ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుంది. మనం ఇంటికొచ్చి అన్నం తినే టైముకు అది ఎక్కడో అడుగున చచ్చిపోవచ్చు.

నేను దీన్ని నేర్చుకున్నది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, మస్కీ అనే చేప దగ్గర. ఉత్తర అమెరికా మంచినీళ్లలో ఉండే వేటచేప అది. పొడుగాటి ఒళ్లు, నోటినిండా పళ్లు, నాలుగడుగులు దాటి పెరుగుతుంది. పదివేల సార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని అక్కడివాళ్లు అంటారు. అంత పెద్దది కావడానికి దానికి పదిహేనేళ్లకు పైనే పట్టొచ్చు. అందుకే మిన్నెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఇంటికి తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 1966లో అదే రాష్ట్రంలో మొదలైన మస్కీస్ ఇంక్ అనే సంఘం, పట్టినదాన్ని వదిలే పద్ధతిని దశాబ్దాలుగా ప్రచారం చేస్తోంది.

అక్కడ నేను గమనించిందేమిటంటే, చేప ప్రాణం గాలం విసరకముందే తేలిపోతుంది. పడవలో పెద్ద వల, పొడుగు ముక్కు పట్కారు, గాలం ముల్లును తెంపే కట్టర్ చేతికందేటట్టు పెట్టుకోనిదే వాళ్లు విసరరు. దారం కూడా బాగా గట్టిది వాడతారు. సన్నదారంతో అరగంట ఆడిస్తే మనకు సంబరం, చేపకు ప్రాణగండం. వల రబ్బరు పూతది, లోతుది. ముడుల నైలాన్ వలైతే రెక్కలు చీరేస్తుంది, ఒంటిమీది జిగురును గీకేస్తుంది. చేపకు జబ్బులు రాకుండా అడ్డుండేది ఆ జిగురే. అందుకే తడి చేత్తోనే ముట్టుకోవాలి. పొడిబట్టతో పట్టుకోవడం, ఎండకు కాలిన పడవ అడుగున పడుకోబెట్టడం అసలు వద్దు.

వలలో పడ్డాక చేపను పైకి ఎత్తరు. వల అంచు పడవలో, చేప మాత్రం నీళ్లలోనే. ముల్లు తీయడం అక్కడే అయిపోవాలి. లోతుగా దిగితే లాగరు, కట్టర్‌తో ముల్లునే తెంపేస్తారు. నలభై రూపాయల ముల్లు కోసం పదిహేనేళ్ల చేపను చంపుకోవడం ఏం తెలివి? ఫొటో కావాలంటే ముందు ఫోన్ రెడీగా ఉండాలి, ఆ తర్వాతే చేప పైకి రావాలి. ఒక చెయ్యి మొప్ప మూత లోపల దవడ వెంబడి, ఎర్రటి మొప్పలకు తగలకుండా. ఇంకో చెయ్యి పొట్ట కింద. అడ్డంగా పట్టుకోవాలి. నిలువునా వేలాడదీస్తే ఆ బరువంతా దవడ మీద, వెన్ను మీద పడుతుంది. నీళ్లు దాటగానే మొప్పల పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఇక దానికి ఊపిరి అందదు. నాకు నేర్పిన పెద్దాయన చేపను ఎత్తేటప్పుడు తన ఊపిరి బిగబట్టేవాడు. ఆయనకు గాలి కావాలనిపించిందంటే చేప నీళ్లలోకి పోవాల్సిందే. ఇంతకంటే మంచి గడియారం నేను చూడలేదు.

వదిలేటప్పుడు విసిరేయొద్దు. తోక మొదట్లో పట్టుకుని, చేప నిటారుగా నిలబడేదాకా ఆగాలి. ముందుకూ వెనక్కూ ఊపడం చాలామందికి అలవాటు. వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్లు తప్పుదారిన పోతాయి. కదలకుండా పట్టుకుంటే చాలు, బలం రాగానే అదే మన చేతిలోంచి గుంజుకుని పోతుంది.

ఇదంతా ఇప్పుడు హనుమకొండలో ఎందుకు రాస్తున్నానంటే, ధర్మసాగర్ వైపు, గోదావరి వైపు లూర్లు, అంటే చేపను మురిపించే ఉత్తుత్తి ఎరలు, పట్టుకుని తిరిగే పిల్లలు ఎక్కువయ్యారు. వదులుతున్నారు, సంతోషమే. కానీ వాలుగను దవడకు క్లిప్ తగిలించి వేలాడదీసి, ఫోన్‌లో రీల్ తీసి, కట్ట మీంచి నీళ్లలోకి గిరాటేస్తున్నారు. మస్కీకి చెప్పిన జాగ్రత్తలన్నీ వాలుగకు సరిపోతాయి. అదీ పళ్ల చేపే, పెద్ద ఒళ్లే. నదుల్లో తగ్గిపోతోంది కూడా.

కొర్రమట్ట సంగతి వేరు. మన తెలంగాణ రాష్ట్ర చేప కదా, తడిగడ్డిలో పడేసినా చాలాసేపు బతుకుతుంది. దాన్ని చూసి అన్ని చేపలూ అంతే గట్టివని అనుకుంటారు. కొర్రమట్ట పైకి వచ్చి గాలి పీల్చే చేప. రవ్వ, బొచ్చె అలా కాదు. ఇంకో విషయం, అలసిన కొర్రమట్టను తేరుకోవాలని నీళ్లలో అదిమి పట్టుకుంటే దానికి మేలు కాదు, కీడే. తల పైకెత్తి గాలి మింగే వీలు దానికి ఇవ్వాలి.

ఎండాకాలం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నీళ్లు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. పైనీళ్లు 27 డిగ్రీల దగ్గరికి వచ్చాయంటే మస్కీవాళ్లు చాలామంది గాలాలు పక్కన పెట్టేస్తారు. మన చేపలు వేడికి అలవాటుపడ్డవే గానీ, ఏప్రిల్, మే నెలల్లో చెరువు గుంటలా మిగిలినప్పుడు వాటికి ఊపిరి ఆడటమే కష్టం. అప్పుడు పట్టి వదలడం నాకు సమ్మతం కాదు. తినడానికైతే పట్టండి, లేదా ఇంట్లో ఉండండి. ఏ కాలమైనా చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘంవాళ్లను అడగకుండా గాలం వేయొద్దు. అందులో చేపపిల్లలు పెరిగేది వాళ్ల బతుకుదెరువు కోసం.

వానలు పడ్డాక ఇంకొకటి చూసుకోవాలి. గడ్డి పక్కన నీళ్ల మీద ఎర్రగా చిన్నపిల్లల గుంపు బుడబుడలాడుతుంటే, కింద తల్లీతండ్రీ కొర్రమట్టలు కాపలా ఉన్నట్టే. కప్ప లూర్ వేస్తే కోపంతో కచ్చితంగా కొరుకుతాయి, ఆకలితో కాదు. రెండు నిమిషాల్లో వదిలేసినా ఆలోపు వేరే చేపలు ఆ పిల్లలను మింగేస్తాయి. గుంపు కనపడ్డ చోట నేను లూర్ చుట్టేసి, కట్ట మీద ఇంకో వంద గజాలు ముందుకు నడుస్తాను.