కాణిపాకం ప్రమాణం, ఆరు మెట్ల తగువు

చిత్తూరు వైపు ఇద్దరు నాయకులకు మాటా మాటా పెరిగిందంటే నాలుగు రోజులు తిరక్కుండా ఎవరో ఒకరి నోట ఆ సవాలు వచ్చి తీరుతుంది. "దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం!" అవతలాయన "తేదీ నువ్వే చెప్పు" అంటాడు. ఇక్కణ్ణుంచి కార్లు, అక్కణ్ణుంచి కార్లు. సాయంత్రానికి ఇద్దరూ విడివిడిగా మైకుల ముందు కూర్చుని "వాళ్ళు తోక ముడిచారు, సత్యం మా వైపుంది" అంటారు. ఆ రెండు ప్రసంగాల్లో పేర్లు చెరిపేసి వినిపిస్తే ఏది ఎవరిదో సొంత కార్యకర్తే చెప్పలేడు.

వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం ఇలా జరిగేది కాదు. దాని పద్ధతి చాలా చిన్నది. చేసేవాడు కోనేట్లో మునగాలి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడాలి, ఒక్క మాట చెప్పాలి. పని అంతా ఆ ఒక్క మాటను కుదర్చడంలోనే ఉంది. "ఏ పాపమూ ఎరగను" అంటే అది ప్రమాణం కాదు, ఆ మాట దొంగైనా అనగలడు. "ధర్మం మా పక్షాన ఉంది" అన్నదీ పనికిరాదు, అది అభిప్రాయం. "ఫలానా అమావాస్య ముందురోజు, ఫలానావాళ్ళ ఇంట్లో, 40 వేలు నేను తీసుకోలేదు" అనాలి. రోజు, చోటు, మొత్తం, చేసిన పని. వీటిలో ఏది జారినా అబద్ధం ఆ సందులోంచి దూరిపోతుంది. పల్లెల్లో తెలివైన పెద్దమనుషులు గుడికి బయల్దేరకముందే ఈ వాక్యాన్ని కాగితం మీద రాయించి ఇద్దరి చేతా ఒప్పిస్తారు. అక్కడికే సగం తగువులు తెగిపోతాయి. ఎందుకంటే అంత కచ్చితంగా రాసేసరికి అసలు గొడవ 40 వేల గురించి కాదనీ, ఎప్పుడో పెళ్ళిలో జరిగిన అవమానం గురించనీ బయటపడుతుంది.

ఇంకో నియమం ఎవరూ పైకి చెప్పరు గానీ మాటలోనే ఉంది. ప్రమాణం ఉత్తమ పురుషలోనే కుదురుతుంది. "నేను తీసుకోలేదు" అని ఒట్టు పెట్టుకోవచ్చు. "వాడు దొంగ" అని పెట్టుకుంటే అది వాడి సంగతి, నీకు తెలిసిందెంత? ఆరోపణ నడిచేది ప్రథమ పురుషలో: వాడు, వాళ్ళు. దానికి వచ్చే జవాబు మధ్యమ పురుషలో: నువ్వు మాత్రం? మన రాజకీయాలూ మతాల వాదులాటలూ ఈ రెండు పురుషల మధ్యే ఊగుతుంటాయి.

ఈ "నువ్వు మాత్రం?"కి మన శాస్త్రంలో పేరుంది. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో 22 నిగ్రహస్థానాలు, అంటే వాదంలో మనిషి ఓడిపోయినట్టు లెక్కగట్టే చోట్లు చెప్పారు. అందులో ఒకటి మతానుజ్ఞ. "స్వపక్షే దోషాభ్యుపగమాత్ పరపక్షే దోషప్రసంగో మతానుజ్ఞా." తన మీద మోపిన తప్పును తొలగించుకోకుండా, "ఆ తప్పు నీలోనూ ఉంది" అని ఎదుటివాడి మీదికి నెట్టడం. దీనికి తార్కికులు ఒక హాస్యపు ఉదాహరణ చెబుతారు. ఒకడు "నువ్వు దొంగవి, మనిషివి కాబట్టి" అన్నాడు. రెండోవాడు ఆ పిచ్చి హేతువును ఖండించకుండా "అయితే నువ్వూ దొంగవే" అన్నాడు. నెగ్గాననుకున్నాడు. నిజానికి తను దొంగనని ఒప్పేసుకున్నాడు. టీవీ చర్చల్లో ఈ సూత్రం అమలు చేస్తే మొదటి విరామం దాకా ఒక్కరూ మిగలరు.

దీన్ని సాగదీస్తే ఏమవుతుందో కూడా గౌతముడు చూపించాడు. దాని పేరు షట్పక్షి, ఆరు మెట్ల తగువు. శాస్త్రంలో శబ్దం నిత్యమా అనిత్యమా అన్న వాదం మీద నడుస్తుంది. మనం తిరుపతి వీధిలో ఒక ఫ్లెక్సీ మీద నడుపుదాం. ఒక వర్గం "మా ఫ్లెక్సీ మీరే చించారు, రాత్రి మీ కుర్రాళ్ళు అక్కడున్నారు" అంటుంది. రెండో వర్గం "అక్కడుంటే చించినట్టేనా? గాలికి చిరిగి ఉండొచ్చు, మీ ఆధారం ఏదీ తేల్చదు" అంటుంది. ఇక్కడిదాకా వాదమే. మూడో మెట్టులో మొదటివాళ్ళు జారతారు: "మీ మాట మాత్రం ఏం తేల్చింది? గాలేనని రుజువుందా?" నాలుగో మెట్టు: "మా మాటను కొట్టేసిన మీ మాటలోనూ అదే లోపం." అయిదు: "మీలో లోపం ఉందని ఒప్పుకునే కదా మామీద వేస్తున్నారు!" ఆరు: "మూడో మాటలో మీరు చేసిందీ అదే!" ఆరో మెట్టు దగ్గర ఆగి వెనక్కి చూస్తే ఫ్లెక్సీ ఎక్కడా కనపడదు. మూడూ అయిదూ ఒకటే, నాలుగూ ఆరూ ఒకటే. ఎవరూ ఏదీ నిరూపించలేదు, ఇద్దరి పక్షమూ అసిద్ధమని ఈ సూత్రాలకు భాష్యం, అంటే వ్యాఖ్యానం, రాసిన వాత్స్యాయనుడు తీర్పు చెబుతాడు.

తప్పించుకునే దారీ ఆయనే చూపాడు. మూడో మెట్టులో "మీదీ అంతే" అనకుండా అసలు విషయంలోకి దిగాలి, రెంటికీ తేడా ఏమిటో చూపాలి. ఫ్లెక్సీ గాలికి చిరిగితే ముందు తాడు కట్టిన మూలల దగ్గర తెగుతుంది, అంచు పీలికలు పీలికలుగా ఉంటుంది. బ్లేడు పెడితే నడి మధ్యలో తిన్నని గీత పడుతుంది. వెళ్ళి అంచు చూడండి. అంతే, షట్పక్షి పుట్టదు. కానీ అంచు చూడ్డానికి ఎవరూ వెళ్ళరు, గాలికే చిరిగిందని తేలితే ఊరేగింపు దేనికి?

మత వివాదాల్లో ఇంకో చిక్కుంది. ఒకే గుర్తు ఇద్దరికీ సాక్ష్యమవుతుంది. తిరుమల మూలమూర్తి శివుడా విష్ణువా అని శైవ వైష్ణవుల మధ్య రామానుజుల కాలంలో జరిగిందని సంప్రదాయం చెప్పే వాదమే చూడండి. స్వామికి నాగాభరణం ఉందని శైవులంటే, అది ఆదిశేషుడు, కొండే శేషాచలమని వైష్ణవులు. ఈ కొండ మీద ధనుర్మాసంలో తులసికి బదులు మారేడుదళాలతో అర్చన జరుగుతుంది. మారేడు శివుడిది కదా అంటే, శ్రీసూక్తం మారేడును లక్ష్మీదేవి చెట్టంటుంది: "తవ వృక్షోఽథ బిల్వః." ఇద్దరిదీ ఒకటే పద్ధతి: గుర్తు చూడు, నీ దేవుడి పేరు రాయి. ఆ తగువు గుర్తులతో తేలలేదు. శంఖచక్రాలనూ శివుడి ఆయుధాలనూ గర్భగుడిలో ఉంచి తలుపులు మూశారనీ, తెల్లవారి స్వామి శంఖచక్రాలు ధరించి కనిపించాడనీ కథ. ఆ కథలో నాకు ముఖ్యంగా తోచేది మూసిన తలుపే. ఇద్దరూ నోరు మూసుకుని బయట ఒక రాత్రి గడిపారు.

మీ చేతికొచ్చిన కరపత్రంతో ఒక పని చేసి చూడవచ్చు, పెన్సిలు చాలు. పార్టీ, కులం, మతం, మనిషి పేర్లన్నీ కొట్టేయండి. తర్వాత క్రియల కింద గీత గీయండి. తెలుగులో దొంగ దొరికేది క్రియలోనే. మనవాళ్ళు చేసిన చోట "సంఘటన జరిగింది", వాళ్ళు చేసిన చోట "దాడి చేశారు". మనది విరాళం, వాళ్ళది వసూలు. మనది పొత్తు, వాళ్ళది కుమ్మక్కు. మనాయన "అన్నారు", వాళ్ళాయన "వాగాడు". ఆపైన ఎదుటి పక్షం కరపత్రం తీసుకుని అదే చేయండి. చాలామంది ఇక్కడే తప్పుతారు: రెండో కాగితం మీద పెన్సిలు గట్టిగా నొక్కుతారు. అందుకే మనదే ముందు చేయాలి, వేడి లేనప్పుడు. చివరగా ఎదుటివాళ్ళ వాదాన్ని నాలుగు వాక్యాల్లో రాసి, వాళ్ళలో ఒకరికి చూపించాలి. "ఔను, మేం అనేది ఇదే" అని వాళ్ళు ఒప్పుకుంటే పూర్వపక్షం, అంటే ఎదుటి వాదాన్ని ముందుగా చెప్పడం, కుదిరినట్టు. పాత భాష్యాలు ఈ పని ముగించాకే తమ సిద్ధాంతానికి వెళతాయి.

కాణిపాకం పక్కన పారే బాహుదా నదికి ఆ పేరెలా వచ్చిందో స్థలపురాణం చెబుతుంది. భారతం శాంతిపర్వంలోనూ ఆ కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు అన్న ఆశ్రమంలో అడక్కుండా పండ్లు కోసుకు తిన్నాడు. అన్న "ఇది దొంగతనం, వెళ్ళి రాజుకు చెప్పు" అన్నాడు. "నీ తోటా నా తోటా వేరా?" అని తమ్ముడు అడగలేదు. "నువ్వెప్పుడూ తినలేదా?" అనీ అడగలేదు. సుద్యుమ్న మహారాజు దగ్గరికెళ్ళి "నేను తిన్నాను, శిక్షించు" అన్నాడు. రాజు క్షమిస్తానన్నా వినలేదు. చేతులు నరికించుకుని తిరిగొచ్చాడు. అన్న మాట ప్రకారం బాహుదలో మునిగి తర్పణం విడవబోతే రెండు చేతులూ తామరల్లా మొలిచాయి. బాహువులిచ్చింది కాబట్టి బాహుద.

అప్పుడు తమ్ముడు అడిగాడు: "నీకింత తపశ్శక్తి ఉంటే మొదటే నువ్వే నన్ను శుద్ధి చేయకపోయావా, అన్నా?"

శంఖుడన్నాడు: "నిన్ను దండించేవాణ్ణి నేను కాదు."